లండన్‌ను పిల్లలతో బస్సులో, పడవలో చూడాలంటే: నాలుగు రోజులకు నా సలహా

నమస్తే అండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కాకినాడ నుంచి వస్తున్నారు, మే నెలాఖరులో నాలుగు రోజులు లండన్, తొమ్మిదేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు, మీ దంపతులు. "ట్యూబ్ స్టేషన్ల మెట్లు అమ్మ ఎక్కలేదు, భూమి కింద పోతే పిల్లలకు ఏం కనబడుతుంది, బస్సు మీదా పడవ మీదా ఊరంతా చూడొచ్చా, టూర్ బస్సు పాస్ కొనాలా" అని అడిగారు. చూడొచ్చు. పాస్ కొనక్కర్లేదు. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

నేను ఈ ఊళ్ళో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను. మా ఇద్దరు పిల్లలూ ఇక్కడే పెరిగారు. ప్రతి ఎండాకాలం ఊరి నుంచి ఎవరో ఒకరు చుట్టాలు వస్తారు, వాళ్ళ పిల్లల్ని తిప్పే పని నాదే. మొదట్లో నేనూ అందరిలాగే పొద్దున ప్యాలెస్, పదకొండింటికి లండన్ ఐ, మధ్యాహ్నం టవర్, సాయంత్రం ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ అని లిస్టు రాసుకునేవాణ్ణి. వాళ్ళు ఇంటికెళ్ళాక ఫోన్ చేసి "ఏం నచ్చిందిరా" అంటే, పిల్లలందరూ చెప్పింది బస్సు పైన ముందు సీటు, పడవ వెనక తెల్లగా లేచే నురగ. ప్యాలెస్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. అప్పటి నుంచి నా లెక్క మారింది. రోజుకు ఒక బస్సు, ఒక పడవ, ఒక చోటు. నాలుగేళ్ళ పాపతో అంతకు మించి పెట్టుకోకండి.

టూర్ బస్సుల సంగతి ముందు తేల్చేద్దాం. పైకప్పు లేని ఆ బస్సులు చెడ్డవని అనను. ఇయర్‌ఫోన్‌లో కథలు చెబుతారు, ఒక్క రోజే ఉన్నవాళ్ళకు పనికొస్తాయి. కానీ ఐదుగురికి కొంటే చాలా డబ్బు. పైగా అవి వెళ్ళే దారుల్లోనే మామూలు ఎర్ర డబుల్ డెక్కర్లు కూడా వెళ్తాయి. 11 ఏళ్ళలోపు పిల్లలకు మామూలు బస్సులో టికెట్టే లేదు, కార్డు కూడా చూపించక్కర్లేదు. అంటే మీ పిల్లలిద్దరికీ ఉచితం. పెద్దవాళ్ళకు 2023లో 1.75 పౌండ్లు చేశారు, మొదటిసారి కార్డు తాకించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా అదే డబ్బు. బయల్దేరే ముందు ఛార్జీ ఒకసారి సరిచూసుకోండి.

బస్సులో నగదు తీసుకోరు. 2014 నుంచే ఆపేశారు. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు గానీ, ముందే డబ్బు వేసుకుని వాడే లండన్ రవాణా కార్డు, అంటే ఆయిస్టర్ కార్డు గానీ ఉండాలి. ఇక్కడ మనవాళ్ళు తరచూ పడే ఇబ్బంది ఒకటుంది. మన బ్యాంకులు ఇచ్చే కార్డుల్లో విదేశాల్లో వాడే సదుపాయం మామూలుగా ఆపేసి ఉంటుంది. కాకినాడలో ఉండగానే బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి. ఇక్కడ దిగాక డ్రైవర్ ముందు నిలబడి, వెనక క్యూ చూస్తుండగా ఓటీపీ కోసం తడుముకుంటుంటే మహా టెన్షన్. పెద్దవాళ్ళు ఒక్కొక్కరికీ వేరే కార్డు ఉండాలి. ఒకే కార్డును ముగ్గురికీ తాకిస్తే కుదరదు. అమ్మగారికి కూడా ఒకటి విడిగా పెట్టండి. ఇక్కడ 60 దాటినవాళ్ళకు ఉచిత పాస్ ఉంది గానీ అది లండన్ వాసులకే. బస్సు ఎక్కేటప్పుడు తాకిస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. పడవకు మాత్రం ఎక్కే రేవులోనూ దిగే రేవులోనూ తాకించాలి, మర్చిపోవద్దు.

బస్సు

పై అంతస్తులో మొదటి వరుసలో అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు సీట్లుంటాయి. ముందు పెద్ద అద్దం. పిల్లలకు అదే సింహాసనం. రోడ్డు మలుపు తిరిగినప్పుడు బస్సు ఎదుటి గోడను గుద్దేస్తుందేమో అన్నట్టుంటుంది, చివరి క్షణంలో తిరుగుతుంది. చెట్ల కొమ్మలు అద్దాన్ని టపటపా కొడతాయి. మా అక్క కొడుకు మొదటిసారి కొమ్మ తగలగానే తల కిందికి వంచేశాడు. రెండో కొమ్మకు నవ్వాడు. మూడో కొమ్మ కోసం ఎదురుచూశాడు.

ఆ సీట్లు దొరకాలంటే బస్సు బయల్దేరే మొదటి స్టాపులో ఎక్కాలి. అందుకు నేను ఎప్పుడూ చెప్పేది 9వ నంబరు. ఆల్డ్‌విచ్ దగ్గర మొదలై హామర్‌స్మిత్ దాకా పోతుంది. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నెల్సన్ స్తంభం, తర్వాత పాల్ మాల్, పికడిలీ, గ్రీన్ పార్క్, హైడ్ పార్క్ కార్నర్, గుండ్రటి ఎర్ర రాయల్ ఆల్బర్ట్ హాల్, అన్నీ వరసగా కళ్ళముందు తెరుచుకుంటాయి. ముందు సీట్లు నిండిపోతే ఆ బస్సును వదిలేయండి. కొద్ది నిమిషాల్లో ఇంకోటి వస్తుంది, మొదటి స్టాపు కాబట్టి మీరే ముందుంటారు. ఆల్బర్ట్ హాల్ దగ్గర దిగి ఎగ్జిబిషన్ రోడ్డు వెంట పది నిమిషాలు నడిస్తే నేచురల్ హిస్టరీ మ్యూజియం, సైన్స్ మ్యూజియం పక్కపక్కనే ఉంటాయి. ప్రవేశం ఉచితమే, కానీ టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోండి. నేచురల్ హిస్టరీ మ్యూజియం హాల్లో 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం పైకప్పు నుంచి వేలాడుతూ, కిందికి దూకబోతున్నట్టు ఉంటుంది. 2017 నుంచి అక్కడే ఉంది. పాపను ఎత్తుకుని దాని దవడ కింద నిలబడండి. మొదటి రోజుకు అది చాలు. ఊరి నుంచి వచ్చిన పిల్లలు ఎలాగూ తెల్లారకుండానే లేచి కూర్చుంటారు. ఆ పొద్దుటి నిద్రలేమిని బస్సుకు వాడుకోండి, రోడ్లు ఖాళీగా ఉంటాయి.

అమ్మగారు మెట్లెక్కి పైకి రావక్కర్లేదు. కింది అంతస్తులో తలుపు దగ్గరే పెద్దవాళ్ళ సీట్లుంటాయి. మీలో ఒకరు, స్ట్రాలర్ ఉంటే దాంతో సహా, కింద అమ్మగారి దగ్గర ఉండండి. రెండోవారు పిల్లల్ని తీసుకుని పైకి వెళ్ళండి. దిగాల్సిన స్టాపు పేరు ముందే అనుకోండి. ప్రతి స్టాపు పేరూ బస్సులో గొంతు చెబుతుంది, తెర మీద కూడా పడుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నాను. బస్సు కదులుతుండగా పిల్లల్ని ఆ మెట్లు దిగనివ్వకండి. మా చిన్నది నాలుగేళ్ళప్పుడు నా చెయ్యి విదిలించుకుని దిగబోయింది, అంతలో బ్రేక్ పడింది, రెండు మెట్లు జారి గడ్డం పగిలింది. ఆ మచ్చ ఇంకా ఉంది. స్టాపు రాకముందే బెల్లు నొక్కి, బస్సు ఆగాక లేవండి. డ్రైవర్లు పిల్లల్ని చూసి ఆగుతారు. ఒకవేళ తలుపులు మూసుకున్నా కింద ఉన్నవాళ్ళు చెప్తారు.

స్ట్రాలర్ తెస్తే తేలికగా మడిచేది తెండి, ఇక్కడివాళ్ళు దాన్ని బగ్గీ అంటారు. బస్సుల్లో దానికి చోటుంది, కానీ చక్రాల కుర్చీలో ఎవరైనా వస్తే ఆ చోటు వాళ్ళదే, వెంటనే మడిచి తీసేయాలి.

పడవ

థేమ్స్ మీద ప్రధానంగా రెండు రకాల పడవలు. ఒకటి బస్సులాగా రేవు రేవుకూ ఆగుతూ పోయేది, ఊబర్ బోట్ బై థేమ్స్ క్లిప్పర్స్ అని రాసి ఉంటుంది. ఆఫీసులకు పోయేవాళ్ళు కూడా ఇందులోనే పోతారు. ఐదేళ్ళలోపు పిల్లలకు ఉచితం, అంటే మీ పాపకు టికెట్ లేదు. ఐదు నుంచి 15 దాకా దాదాపు సగం ధర, బాబుకు పిల్లల టికెట్ రేవులో గానీ యాప్‌లో గానీ కొనండి. పెద్దవాళ్ళకు బస్సుతో పోలిస్తే ఛార్జీ చాలా ఎక్కువ, రోజుకు ఇంతే కోస్తారన్న పరిమితి లెక్కలోకి కూడా ఇది రాదు. అందుకే రోజుకు ఒక్కసారే పడవ అంటున్నాను. రెండో రకం నెమ్మదిగా పోతూ మైకులో కథలు చెప్పే టూరిస్టు పడవ. పైన తెరిచిన డెక్కు ఉంటుంది. తొమ్మిదేళ్ళ బాబుకు ఇంగ్లిష్ బాగా అర్థమైతే ఇది కూడా బాగుంటుంది. నాలుగేళ్ళ పాపకు మాత్రం మొదటిదే ఇష్టమవుతుంది. లోపల టాయిలెట్ ఉంది, వేడి చాక్లెట్ అమ్మే చిన్న కొట్టు ఉంది, వెనక డెక్కు మీద గాలి ఉంది.

వెస్ట్‌మిన్‌స్టర్ రేవు నుంచి గ్రీనిచ్ దాకా ఎక్కండి. ముప్పావు గంట లోపే. లండన్‌లో పిల్లలకు ఒక్కటే చూపించగలిగితే నేను ఇదే చూపిస్తాను.

ఎక్కగానే వెనక డెక్కుకు వెళ్ళండి. పడవ పోయే దిక్కుకు ఎడమ వైపు రాతి కట్ట మీద వరసగా కంచు సింహం తలలు కనిపిస్తాయి, నోట్లో పడవలు కట్టే కడియాలతో. బాబుకు వాటిని లెక్కపెట్టే పని ఇవ్వండి. ఈ సింహాలు నీళ్ళు తాగితే లండన్ మునిగిపోతుందని ఇక్కడ పాత మాట. నది పోటు మీద ఉన్నప్పుడు నీళ్ళు వాటి కిందికి చేరతాయి, పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. తర్వాత వాటర్‌లూ బ్రిడ్జి. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు సైన్యానికి వెళ్తే దాన్ని కట్టడంలో ఎక్కువ మంది ఆడవాళ్ళు పని చేశారు. ఆడవాళ్ళ వంతెన అనే పేరు కూడా ఉంది. మీ అమ్మగారికి తప్పక చెప్పండి. మా అమ్మ అది విన్నాక ఆ వంతెన దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం, టేట్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం పొగగొట్టం, సన్నటి మిలీనియం నడక వంతెన దాటాక లండన్ బ్రిడ్జి వస్తుంది. ఇక్కడ పిల్లలందరూ ఒకే ప్రశ్న వేస్తారు. "రైమ్‌లో ఉన్నది ఇదేనా?" చూస్తే మామూలు కాంక్రీటు వంతెన, 1973లో తెరిచింది. దీనికి ముందున్న రాతి వంతెనను అమెరికా వాళ్ళు కొనుక్కుని, రాళ్ళకు నంబర్లు వేసి పట్టుకుపోయి అరిజోనాలో మళ్ళీ కట్టుకున్నారు. రెండు బురుజులున్న అందమైన వంతెన పక్కది, టవర్ బ్రిడ్జి. బాబుకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే నిరాశ పడతాడు.

టవర్ బ్రిడ్జి దాటి కొంత దూరం పోయాక పడవ వేగం ఒక్కసారి పెరుగుతుంది. అప్పటిదాకా ఉన్న ఇంజన్ చప్పుడు మారుతుంది, వెనక నీళ్ళు రెండు గోడల్లా లేస్తాయి, టోపీలు ఎగిరిపోతాయి. పాప టోపీకి తాడు ఉండాలి. పిల్లలు కేకలు పెట్టేది అప్పుడే. ఆ తర్వాత కానరీ వార్ఫ్ అద్దాల భవనాల చుట్టూ నది పెద్ద వంపు తిరిగి, గ్రీనిచ్ తెల్లటి స్తంభాలు ఎదురొస్తాయి.

మీది కాకినాడ అన్నారు కాబట్టి ఆటుపోట్లు మీకు చెప్పక్కర్లేదు. కానీ సముద్రానికి ఇంత లోపల ఉన్న ఊళ్ళో నది రోజుకు రెండుసార్లు ఏడు మీటర్ల దాకా పైకీ కిందికీ అవుతుందంటే మన పిల్లలకు ఆశ్చర్యమే. దీని ప్రభావం మీ ప్రయాణం మీద కూడా ఉంటుంది. రేవులు నీటి మీద తేలుతుంటాయి, ఒడ్డు నుంచి వాటికి ఇనుప వారధి ఉంటుంది. పోటు మీద అది సమంగా ఉంటుంది, ఆటు మీద బాగా ఏటవాలు అవుతుంది. అమ్మగారిని ఆ వాలు మీద చెయ్యి పట్టుకుని నెమ్మదిగా దింపండి, స్ట్రాలర్‌ను మీరు వెనక నుంచి గట్టిగా పట్టుకోండి. ఆటు వేళ గట్టు మెట్ల కింద చిన్న బీచ్ బయటపడుతుంది. పిల్లలు దిగుతామంటారు. దిగనివ్వకండి, బురద లోతు తెలీదు, నీళ్ళు తిరిగి త్వరగా వస్తాయి. అక్కడ పాత నాణేలూ పెంకులూ ఏరాలన్నా పర్మిట్ కావాలి.

గ్రీనిచ్ రోజు

రెండో రోజు గ్రీనిచ్‌కు పొద్దున పదకొండున్నరకల్లా చేరేలా చూసుకోండి, ఎందుకంటే ఒంటి గంటకు అక్కడ ఒక పని ఉంది. రేవు దిగగానే కటీ సార్క్ ఓడ నిలబడి ఉంటుంది, 1869లో చైనా నుంచి టీ మోయడానికి కట్టింది. లోపలికి టికెట్. బయట నుంచి చూసినా చాలు. పక్కనే నేషనల్ మారిటైమ్ మ్యూజియం ఉచితం, అక్కడ టాయిలెట్ పని కానిచ్చేయండి. దాని వెనకే గ్రీనిచ్ పార్కు, కొండ మీద పాత ఖగోళ పరిశోధనశాల, అబ్జర్వేటరీ. ఎక్కుడు కాస్త గట్టిదే. అమ్మగారిని కింద బెంచీ మీద కూర్చోబెట్టి ఒకరు తోడుంటే మేలు.

అబ్జర్వేటరీ కప్పు మీద స్తంభానికి ఒక ఎర్ర బంతి ఉంటుంది. పన్నెండు యాభై ఐదుకు సగం ఎత్తుకు ఎక్కుతుంది, యాభై ఎనిమిదికి పైకొసకు చేరుతుంది, సరిగ్గా ఒంటి గంటకు కిందికి పడుతుంది. 1833 నుంచి ఇదే పని. నదిలో ఉన్న ఓడల కెప్టెన్లు దాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవారు. బయట నుంచి చూడటానికి టికెట్ అక్కర్లేదు. ఆ ఐదు నిమిషాలు పిల్లలు ఎంత నిశ్శబ్దంగా ఉంటారో మీరే చూస్తారు.

ప్రపంచమంతా టైము లెక్క మొదలుపెట్టే సున్నా డిగ్రీల రేఖ మీద ఫొటోకు లోపలి ప్రాంగణంలో క్యూ ఉంటుంది, దానికి టికెట్ కావాలి. అదే రేఖ ప్రాంగణం గోడ బయట కాలిదారి మీద కూడా ఉంది, అక్కడ ఉచితం. అక్కడ బాబుకు ఒక లెక్క చేయించండి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన దేశపు టైము లెక్కగట్టే రేఖ 82.5 డిగ్రీల తూర్పు. అది మన రాష్ట్రంలో మీ ఊరికి దగ్గర నుంచే, తుని వైపు మీదుగా పోతుంది. 82.5ను 15తో భాగిస్తే ఐదున్నర. మా పెద్దవాడు ఆ లెక్క అక్కడ గోడ మీద వేలితో రాసి చేశాడు. వెంటనే, "మరి తాతయ్యకు ఫోన్ చేసినప్పుడు నాలుగున్నరే తేడా ఉంది కదా" అన్నాడు. మార్చి ఆఖరు నుంచి అక్టోబరు ఆఖరు దాకా ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు. మీరొచ్చేది మేలో కాబట్టి మీ బాబు కూడా అదే అడుగుతాడు, జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

భోజనం ఆ పార్కులోనే. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో తెచ్చుకుని గడ్డి మీద కూర్చుని తినేవాళ్ళు మాలాంటివాళ్ళు చాలామందే ఉంటారు. అమ్మగారు బయట ఏమీ ముట్టరంటే ఇదే మంచి దారి. వేడి ఇడ్లీ, దోశ కావాలంటే ఈస్ట్ హామ్ వెళ్ళాలి.

తిరిగి రావడానికి బస్సు కావాలంటే 188వ నంబరు, సర్రీ కీస్, బెర్మండ్సీ మీదుగా వాటర్‌లూ వైపు వస్తుంది. గంట పైనే పడుతుంది, పాప నిద్రపోవడానికి పనికొస్తుంది. సాయంత్రం నాలుగున్నర దాటితే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. అప్పుడు నా మాట విని గ్రీనిచ్ స్టేషన్‌లో డీఎల్ఆర్ (డాక్‌లాండ్స్ లైట్ రైల్వే) రైలు ఎక్కండి. మీరు బస్సు, పడవ అన్నారు గానీ ఈ రైలును వదలడం తప్పు. డ్రైవర్ గది ఉండదు, రైలు దానంతట అదే పోతుంది, మొదటి సీటులో కూర్చున్న పిల్లలే డ్రైవర్లు. పదకొండేళ్ళలోపు పిల్లలకు అందులోనూ ఉచితమే.

ఎగిరిన బస్సు కథ

మూడో రోజు టవర్ బ్రిడ్జికి పెట్టుకోండి. ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర 15వ నంబరు ఎక్కితే ఫ్లీట్ స్ట్రీట్, సెయింట్ పాల్స్ మీదుగా టవర్ దగ్గర దిగొచ్చు. టవర్ కోట లోపలికి టికెట్ ఖరీదు, క్యూ పొడుగు. నాలుగేళ్ళ పాపతో లోపలికి వెళ్ళాలా అంటే నేనైతే బయట నుంచే చూడమంటాను. మన కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూర్‌ను అమ్మగారు చూసి తీరాలంటే మాత్రం కోట తెరిచే వేళకు వెళ్ళి నేరుగా ఆభరణాల గదికే పోండి. కిరీటాల ముందు నేల కదులుతుంటుంది, నిలబడితే చాలు అదే తీసుకుపోతుంది, మోకాళ్ళకు శ్రమ లేదు.

అక్కడి నుంచి 78వ నంబరు బస్సులో వంతెన దాటండి. నడిచి దాటడానికి పది నిమిషాలు కూడా పట్టదు, అయినా బస్సే ఎక్కండి, ఎందుకంటే ఆ నంబరుకు ఒక కథ ఉంది. 1952 డిసెంబరు 30 రాత్రి ఆల్బర్ట్ గంటర్ అనే డ్రైవర్ 78వ నంబరు డబుల్ డెక్కర్‌ను ఈ వంతెన మీద నడుపుతున్నాడు. ఓడకు దారి ఇవ్వడానికి వంతెన తెరుచుకోవడం మొదలైంది, ఆపాల్సిన సిగ్నల్ పడలేదు. తన ముందున్న రోడ్డు కిందికి జారిపోతున్నట్టు కనిపించింది ఆయనకు. నిజానికి ఆయన ఉన్న సగమే పైకి లేస్తోంది. బ్రేక్ వేస్తే నదిలో పడతామని తోచి, యాక్సిలరేటర్ తొక్కి బస్సును దూకించాడు. అవతలి సగం ఇంకా లేవలేదు, బస్సు దాని మీద పడి నిలిచింది. ప్రయాణికులకు ప్రాణాపాయం తప్పింది. ఆయనకు పది పౌండ్లు బహుమతి ఇచ్చారు. ఈ కథ మీరు బస్సు వంతెన మధ్య అతుకు దాటుతున్నప్పుడు చెప్పాలి. చక్రాల కింద చిన్న కుదుపు వస్తుంది, పాప మీ చెయ్యి పట్టుకుంటుంది.

వంతెన ఇప్పటికీ ఏడాదికి 800 సార్లు దాకా తెరుచుకుంటుంది. ఏ రోజు ఎన్నింటికో వాళ్ళ వెబ్‌సైటులో ముందే రాస్తారు. మీ నాలుగు రోజుల్లో ఎప్పుడుందో చూసి, అరగంట ముందు దక్షిణ ఒడ్డున ఉన్న పాటర్స్ ఫీల్డ్స్ పార్కులో చేరండి. ఎదురుగా హెచ్‌ఎంఎస్ బెల్ఫాస్ట్ యుద్ధనౌక కూడా కనిపిస్తుంది. మూడో రోజు పడవను సాయంత్రానికి ఉంచుకోండి. మే నెలాఖరులో తొమ్మిది దాకా వెలుగుంటుంది.

నాలుగో రోజు ఖాళీగా పెట్టండి, వాన పడ్డ రోజును దీంతో మార్చుకోవచ్చు. వాన రోజుకు బ్రిటిష్ మ్యూజియం, ఉచితం. 33ఏ గదిలో మన అమరావతి స్తూపం పలకలున్నాయి. పలనాటి సున్నపురాయి, 1859లో మద్రాసు నుంచి ఓడలో వచ్చాయి, 1880 నుంచి ఈ మ్యూజియంలో ఉన్నాయి. అద్దం వెనక ఒక పలక మీద స్తూపమే చెక్కి ఉంటుంది, ముఖద్వారం దగ్గర సింహాలతో సహా. ఆ మహాస్తూపం నిలిచి ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఆ ఊరి శిల్పి చేతి మీదుగానే చూడొచ్చు. మా పెద్దవాడు "ఇది మన అమరావతిదేనా" అని రెండుసార్లు అడిగాడు. పాలరాతిలా మెరిసే ఆ రాయి ముందు నాకూ గొంతు పట్టేసింది. ఈజిప్టు మమ్మీల గదులకు ముందే అటు వెళ్ళండి, పిల్లలు అలిసిపోకముందు.

వాన లేకపోతే నాలుగో రోజు వూలిచ్ ఫెర్రీ. ఇది 1889 నుంచి ఉచితం. లారీలు, కార్లు, మనుషులు అందరూ ఒకే పడవలో నది దాటుతారు. సఖినేటిపల్లి, నర్సాపురం మధ్య పంటు ఎక్కినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. అవతలి ఒడ్డుకు పది నిమిషాలు. క్లిప్పర్ పడవలో వూలిచ్ దాకా వస్తే దారిలో థేమ్స్ బ్యారియర్ వెండి గుమ్మటాల మధ్య నుంచి పోతారు. మన ధవళేశ్వరం బ్యారేజీ నదిని కాలువలకు మళ్ళిస్తుంది, ఇది సముద్రం పోటును ఊళ్ళోకి రాకుండా అడ్డుకుంటుంది. 1953 వరదల తర్వాత ఆలోచన మొదలై 1982 నుంచి పని చేస్తోంది. ఆ సింహాలు నీళ్ళు తాగకుండా కాపాడేది ఇదే అని బాబుకు చెప్పండి. ఫెర్రీ నడుస్తుందో లేదో ఆ పొద్దున చూసుకునే బయల్దేరండి.

నేను పడ్డ ఇబ్బందులు

ఏప్రిల్‌లో ఒక ఆదివారం తమ్ముడి కుటుంబాన్ని గ్రీనిచ్ తీసుకెళ్ళాను. అది మారథాన్ రోజు, నేను ముందు చూసుకోలేదు. రోడ్లన్నీ మూసేశారు, బస్సు సగం దారిలో అందరినీ దింపేసింది. మూడేళ్ళ పిల్లను భుజాన వేసుకుని ఎండలో రెండు మైళ్ళు నడిచాం. ఇప్పుడు ముందురోజు రాత్రి లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ యాప్‌లో మళ్ళింపులు చూడకుండా ఎవరినీ ఎక్కడికీ తీసుకెళ్ళను.

ఇంకోసారి ఆగస్టు శనివారం మధ్యాహ్నం తిరుగు పడవ కోసం రేవులో నిలబడ్డాం. మా ముందే మూడు పడవలు నిండి వెళ్ళిపోయాయి. పిల్లలకు ఆకలి, నీడ లేదు, చేతిలో బిస్కట్లు కూడా అయిపోయాయి. అందుకే గ్రీనిచ్ లాంటి దూరాలకు పడవ పోయేటప్పుడు, పొద్దున పెట్టుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు బస్సో రైలో. మీరొచ్చే మే ఆఖరి వారం ఇక్కడి బడులకు సెలవులు కూడా. రద్దీ ఉంటుంది, పదింటిలోపు పడవెక్కేయండి.

చివరగా, పడవలో అమ్మగారికి కళ్ళు తిరుగుతాయేమో అన్నారు. నది కాబట్టి సముద్రంలా ఊగదు. టవర్ బ్రిడ్జి తర్వాత వేగంగా పోయే భాగంలోనే కాస్త అదురు ఉంటుంది. లోపల మధ్య వరుసల్లో, ముందుకు చూసే సీటులో కూర్చోబెట్టండి. ఎక్కే ముందు కడుపు నిండా తినిపించకండి, రెండు అల్లం మురబ్బా బిళ్ళలు చేతిలో పెట్టండి. మా అమ్మకు అలాగే చేశాను. పడవ గ్రీనిచ్ చేరేసరికి ఆవిడే లేచి వెనక డెక్కు మీదికి వచ్చింది.